గోపాల్‌పూర్ ఊళ్ళకు వస్తానంటున్న మా మేనకోడలికి

బరంపురం

చిరంజీవి అమ్మడికి చిన్నత్త ఆశీస్సులు.

విశాఖలో క్లినికల్ సైకాలజీ ఎంఫిల్ పూర్తిచేసి, అక్కడే ఏదో ఆసుపత్రిలో చేరకుండా ఇక్కడ ఒడిశాలో గోపాల్‌పూర్ పక్క చేపలవేట ఊళ్ళకి వచ్చి పనిచేస్తానంటున్నావని మీ నాన్న ఫోన్ చేశాడు. వాడి గొంతులో కోపం వినిపించింది. నాకు ముందు కళ్ళు చెమర్చాయి, ఆ వెనకే భయమేసింది. ఈ ఒడ్డున ఉన్న మన తెలుగువాళ్ళని వాళ్ళ భాషలో కూర్చోబెట్టి "మనసెలా ఉందమ్మా" అని అడిగినవాళ్ళు చాలా తక్కువ. ఆ పని మన ఇంటి పిల్ల చేస్తానంటే గర్వం ఉండదా? భయం ఎందుకో మాత్రం ఉత్తరంలోనే చెప్పాలి. ఫోన్‌లో అయితే "తెలుసత్తా, సరే అత్తా" అని మధ్యలోనే పెట్టేస్తావు.

చిన్న సంగతులు ముందు అనేస్తాను. మా ఇంట్లోనే ఉంటావు, అందులో మాట లేదు. ఒడియా చదవడం నేర్చుకో, ఊళ్ళో కాగితాలన్నీ అందులోనే ఉంటాయి. ఊళ్ళో ఆరోగ్యం చూసే ఆశా కార్యకర్త దీదీతో ముందు స్నేహం చెయ్యి. ఒక గడపలో విన్నమాట ఇంకో గడపలో ఎత్తకు. రాసుకున్న నోట్సు తాళంలో పెట్టు. చీకటి పడకముందే ఆటో ఎక్కు.

నువ్వు తయారుచేసిన ప్లాను మీ నాన్న నాకూ పంపాడు. ఆరు నుంచి ఎనిమిది సిట్టింగులు అని రాశావు. ఆ లెక్కతో నాకు పేచీ లేదు. డాక్టర్లు కానివాళ్ళకి శిక్షణ ఇచ్చి గోవాలో డిప్రెషన్ ఉన్నవాళ్ళతో అన్నిసార్లే మాట్లాడించారు. మానసిక వైద్యుడు విక్రమ్ పటేల్ గారి బృందం చేసిన ఆ పని 2017లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది, మామూలు వైద్యం ఒక్కటే అందినవాళ్ళకంటే వీళ్ళు బాగా కోలుకున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో ఇచ్చిన ప్రాబ్లమ్ మేనేజ్‌మెంట్ ప్లస్ అనే మాటల వైద్యం అయితే అయిదు వారాలే. వైద్యం కొద్ది వారాల్లో ముగియాలనడం ఈ ఊళ్ళకి సరైన మాటే. రోజు కూలీ పోగొట్టుకుని ఏడాదిపాటు ఎవరొస్తారు? మానసిక వార్డులో నర్సుగా నా ఉద్యోగమంతా గడిపాను కదా, మొదటిసారి వచ్చి రెండోసారి రానివాళ్ళని ఎంతమందిని చూశానో.

నీ దగ్గరికి వచ్చేవాళ్ళు "నాకు డిప్రెషన్" అనరు. గుండె దడ అంటారు, అరికాళ్ళు మంటలంటారు, తల బరువంటారు, గాలి సోకిందంటారు. ఈసీజీ తీయించుకుని ఉంటారు, అది బాగానే ఉంటుంది. "నీకేం లేదు పో" అని ఎవరో పంపేసి ఉంటారు. ఆ మాట వాళ్ళని ఎంత నలిపేస్తుందో నాకు తెలుసు. దడ నిజంగానే వస్తోంది మరి, ఏమీ లేదంటే అబద్ధం చెబుతున్నట్టేగా? మెదడు గురించి చెప్పడం పనికొచ్చేది ఇక్కడే. మెదడు లోపల అమిగ్డలా అనే చిన్న భాగం ఉంది, ప్రమాదం వచ్చిందని ఒంటికి చెప్పేది అదే. దొంగని చూసి ఒకసారి గట్టిగా మొరిగిన కుక్క ఆ తర్వాత చుట్టం వచ్చినా మొరుగుతుంది, దాన్ని కొట్టి లాభం లేదు, మెల్లగా అలవాటు చేయాలి అని వార్డులో నేను చెప్పేదాన్ని. "అయితే నాకు పిచ్చి కాదా సిస్టర్?" అని అడిగేవాళ్ళు. ఆ ప్రశ్న వచ్చిందంటే సగం సిగ్గు పోయినట్టే. హిప్పోకాంపస్, ప్రీఫ్రంటల్ కార్టెక్స్ అని బొమ్మలు గీయాల్సిన పనిలేదు. అది ఎప్పుడో జరిగిపోయింది అని గుర్తుపెట్టే భాగం ఆ దెబ్బ తగిలినప్పుడు సరిగ్గా పనిచేయలేదు, అందుకే పాత భయం ఇప్పుడే జరుగుతున్నట్టు వస్తోంది అని చెప్పు, చాలు.

మంత్రం వేసే దాసుడి దగ్గరికి వెళ్ళి తాయెత్తు కట్టించుకొచ్చినవాళ్ళని మందలించకు. గంగమ్మకి మొక్కుకుంటే మొక్కుకోనీ. నీ సిట్టింగుకి అది అడ్డం రాదు.

ఇక అసలు సంగతి. నీ ప్లానులో రెండో వారమే "బాధాకరమైన జ్ఞాపకంపై పని" అని ఉంది. ఆ గీత చదివి కాగితం పక్కన పెట్టేశాను.

2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. ఒడిశాలో దాదాపు పది లక్షలమందిని ముందుగానే ఖాళీ చేయించారు కాబట్టి 1999 పెనుతుఫానులో పోయినట్టు ప్రాణాలు పోలేదు. తెప్పలు పోయాయి, వలలు పోయాయి, ఇళ్ళ కప్పులు పోయాయి. కొద్దిరోజులకి ఎక్కడో పెద్ద నగరం నుంచి ఒక బృందం వచ్చింది. మంచి పిల్లలే, ఒక్కరిలోనూ చెడ్డబుద్ధి లేదు. ఒక ఊళ్ళో బడి వరండాలో ఆడవాళ్ళందరినీ గుండ్రంగా కూర్చోబెట్టారు. ఆ రాత్రి ఏం చూశారో, ఏం విన్నారో ఒకరి తర్వాత ఒకరు పూర్తిగా చెప్పాలన్నారు. ఏడిస్తే బరువు దిగుతుందన్నారు.

ఆ గుంపులో ఒకామె ఉంది. ఆమె భర్త అంతకు కొన్నేళ్ళ ముందు వేటకి వెళ్ళి తిరిగి రాలేదు. ఆ దెబ్బ నుంచి తేరుకుని, గంప నెత్తిన పెట్టుకుని చేపలమ్ముకుంటూ పిల్లని బడికి పంపుకుంటోంది. తన వంతు వచ్చేసరికి తుఫాను గురించి మొదలుపెట్టి, భర్త దగ్గరికి వెళ్ళిపోయింది. శవం ఎక్కడ కొట్టుకొచ్చింది, ఎలా గుర్తుపట్టింది, అంతా చెప్పించారు. ఎవరూ ఆపలేదు. ఆమె ఒడిలో కూతురు కూర్చుని ఉంది. తండ్రి సంగతి ఆ పిల్ల అంత వివరంగా వినడం అదే మొదటిసారి.

బృందం తమ పని ముగించుకుని వెళ్ళిపోయింది. ఫోన్ నంబరు కూడా ఇవ్వలేదు. ఆమెకి నిద్ర పట్టడం మానేసింది. సముద్రం చప్పుడు వినిపిస్తే ఊపిరాడనట్టయ్యేది. ఒడ్డుకి వెళ్ళడం మానేసింది, గంప బోర్లించేసింది, బేరం పోయి అప్పు పెరిగింది. కూతురు తల్లి కొంగు వదలకుండా బడి మానేసింది. కొన్ని నెలలకి రిపోర్టుల కట్ట పట్టుకుని మా వార్డుకి వచ్చారు. జరిగిందంతా ఇలా చెప్పించడాన్ని డీబ్రీఫింగ్ అంటారు. ఒక్కొక్కరిని కూర్చోబెట్టి ఒకే సిట్టింగులో చేసే డీబ్రీఫింగ్‌తోనే మేలు జరుగుతుందన్న ఆధారం లేదనీ, దాన్ని తప్పనిసరి చేయడం ఆపాలనీ వైద్య పరిశోధనల్ని కలిపి చూసే కాక్రేన్ సంస్థ 2002 నాటి సమీక్షే చెప్పింది. విపత్తు జరిగిన కొత్తలో చేయాల్సింది ఏమిటో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో చిన్న పుస్తకంగా వేసింది. చూడు, విను, సాయానికి కలుపు, అంతే. చెప్పమని ఒత్తిడి పెట్టొద్దని అందులోనే ఉంది. అన్నం, నెత్తిమీద కప్పు, తప్పిపోయినవాళ్ళ ఆచూకీ, వీటితోనే మనసు ముందు కుదుటపడుతుంది. మంచి మనసుంటే చాలనుకున్నారు ఆ బృందం పిల్లలు. నీకూ మంచి మనసే ఉంది, నా భయం అందుకే.

తర్వాత ఆమెకి నయమైంది, అది కూడా కొద్ది సిట్టింగుల్లోనే. అది ఎలా జరిగిందో విను. మా వార్డులో అప్పటి డాక్టరు మొదటి రెండుసార్లూ సముద్రం ఊసే ఎత్తలేదు. ఎన్నింటికి పడుకుంటున్నావు, ఎవరు వండుతున్నారు, వితంతు పింఛను కాగితం ఎక్కడ ఆగింది అని అడిగాడు. ఊపిరి తీసుకున్నదానికంటే వదిలేది నిదానంగా వదలడం నేర్పాడు. అలా వదిలితే వేగస్ నరం గుండె వేగాన్ని తగ్గిస్తుంది. కళ్ళు మూసుకోమంటే ఆమెకి భయం ఎక్కువైంది, అందుకని కళ్ళు తెరిచే, అరికాళ్ళు నేలకి ఆనించి, గదిలో కనిపించేవి ఒక్కొక్కటీ పేరు పెట్టి చెప్పించాడు. దడ తనంతట తాను తగ్గించుకోగలదని ఆమెకి నమ్మకం కుదిరాక, తనే భర్త మాట ఎత్తింది. అప్పుడు కూడా ఒక చిన్న ముక్క విని, మళ్ళీ గదిలోకి తీసుకొచ్చి, మళ్ళీ ఇంకో ముక్క. ఆ తర్వాత ఒడ్డు. ముందు సరుగుడు తోట దాకా, ఇంకోసారి వదినతో ఇసుక దిబ్బ దాకా, మరోసారి తడి ఇసుక దాకా. ప్రతిచోటా దడ దానంతట అది దిగేదాకా నిలబడి, తర్వాతే వెనక్కి. చివరికి వేలంపాటలో చేపలు కొనుక్కుంది. ఇప్పటికీ తుఫాను హెచ్చరిక వస్తే ఆమెకి నిద్రుండదు. పాత భయం చెరిగిపోదు అమ్మడూ, దాని పక్కన కొత్త అనుభవం చేరి బలపడుతుంది. పూర్తిగా పోతుందని ఎవరికీ మాటివ్వకు.

కళ్ళు అటూ ఇటూ కదిలించే ఈఎండీఆర్ కూడా నేర్చుకున్నానని రాశావు. ఫ్రాన్సిన్ షపిరో 1987లో మొదలుపెట్టిన పద్ధతి, మానసిక గాయం తర్వాత వచ్చే పీటీఎస్‌డీకి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో సూచించిన వైద్యాల్లో అదీ ఒకటి. కళ్ళు కదపడంలోనే మందుందా, జ్ఞాపకాన్ని తలుచుకుంటూ ఇంకో పని కూడా చేయడంతో దాని పదును తగ్గుతోందా అని నిపుణులు ఇంకా వాదించుకుంటున్నారు. వాళ్ళ వాదన వాళ్ళని చూసుకోనీ. నువ్వు గుర్తుపెట్టుకోవాల్సింది ఇంకొకటుంది. దానికి ఎనిమిది దశలు. మొదటిది మనిషి కథ తెలుసుకోవడం, రెండోది మనిషిని సిద్ధం చేయడం. కళ్ళు కదిపే పని నాలుగో దశ దాకా రాదు. వీడియోలు చూసి చేసేవాళ్ళు నాలుగుతోనే మొదలుపెడతారు. నువ్వు రెండో దశ దగ్గర ఎంతకాలం ఆగాల్సొస్తే అంతకాలం ఆగు. వచ్చే వారం నువ్వు రాలేవని తెలిస్తే ఈ వారం ఎవరి గాయాన్నీ ముట్టుకోకు.

ఇంకో సంగతి నన్ను ఇప్పటికీ వదల్లేదు. ఈ సరిహద్దు జిల్లాల్లో తల్లులకి తెలుగే, బడికెళ్ళే పిల్లలకి ఒడియా వచ్చు. ఓపీలో డాక్టరుకీ తల్లికీ మధ్య పిల్లలే మాట చేరవేస్తారు. ఒకసారి ఒక పదేళ్ళ పిల్లాడు తల్లి చెప్పిందంతా చెప్పుకొస్తున్నాడు. ఆవిడ "బతకాలని లేదు" అంది. వాడు ఆగి, నేలచూపులు చూసి, డాక్టరుతో "అమ్మకి నిద్ర పట్టట్లేదట" అన్నాడు. నాకు తెలుగు వచ్చు కాబట్టి ఆ మాట దక్కింది. ఏ పిల్లచేతా తల్లి బాధ చెప్పించకు. కుటుంబంలో ఇంకెవరిచేతా కూడా వద్దు. నీకు తెలుగు రావడమే ఇక్కడ పెద్ద మందు.

చచ్చిపోవాలనుందనేవాళ్ళు, చెవిలో గొంతులు వినిపించేవాళ్ళు, మూర్ఛలొచ్చేవాళ్ళు, తాగుడు ఒక్కసారిగా మానేసి వణికిపోతున్నవాళ్ళు, కాన్పయ్యాక బిడ్డని దగ్గరికి తీసుకోనివాళ్ళు, వీళ్ళని ఆరు సిట్టింగుల లెక్కలో వేయకు, ఆసుపత్రికి తీసుకెళ్ళు. రాత్రివేళ అయితే ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ 14416, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు. ఆ నంబరు ప్రతి ఇంటి తలుపు వెనక రాయించు.

ఇప్పుడు నీ సంగతి. ఫైలిన్ రాత్రి నువ్వు ఇక్కడే, ఈ ఇంట్లోనే ఉన్నావు. దసరా సెలవులకి వచ్చావు, నీకు పద్నాలుగేళ్ళు. రేకులు ఎగిరి గోడకి కొట్టుకుంటుంటే మంచం కింద మీ నానమ్మని పట్టుకుని తెల్లారేదాకా ఉన్నావు. ఆ తర్వాత చాలాకాలం ఫ్యాను చప్పుడు చేస్తే లేచి కూర్చునేదానివని మీ అమ్మ చెప్పింది. ఇప్పుడు ఆ రాత్రి మాట వస్తే నవ్వి మాట మారుస్తావు. ఎంఫిల్‌లో అందరి భయాల గురించీ చదివావు, నీ భయం గురించి ఎవరితోనైనా మాట్లాడావా? ఒడ్డున ఒకామె అదే రాత్రి గురించి చెబుతున్నప్పుడు నీ గుండె కూడా దడదడలాడితే, ఆ గదిలో నిలకడగా ఉండేది ఎవరు? కోప్పడుతున్నాననుకోకు తల్లీ. వార్డులో మంచి మనసున్న పిల్లలు ఇతరుల ఏడుపు మోసి మోసి ఉద్యోగం మానేసి వెళ్ళిపోవడం చూశాను. నిన్ను అలా చూడలేను. టెన్షన్ వస్తే నువ్వు అన్నం మానేస్తావు, అది కూడా నాకు గుర్తుంది.

అందుకని బయల్దేరే ముందు మీ సూపర్‌వైజరు దగ్గర కూర్చుని ఆ రాత్రి సంగతి మాట్లాడు. వచ్చాక కూడా వారానికోసారి ఆవిడతో ఫోన్‌లో కేసులు చర్చించే ఏర్పాటు చేసుకో. పని అక్టోబరులో మొదలుపెట్టకు, ఆ నెల వచ్చిందంటే ఈ తీరమంతా ఆకాశం వైపే చూస్తూ ఉంటుంది. డిసెంబరులో రా. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. అప్పుడు చాలామంది మగవాళ్ళు ఒడ్డునే ఉంటారు, చేతిలో డబ్బుండదు. వాళ్ళతో మాట్లాడటానికి వీలు, కొట్లాటలకీ వీలు. అప్పటికి ఊరు నీకు తెలిసి ఉండాలి.

సూపర్‌వైజరు గారు ఏమన్నారో, ప్లానులో రెండో వారం గీత ఎలా మార్చావో రాసి పంపు. అవి చూశాక మీ నాన్నతో నేనే మాట్లాడతాను, వాడు నా మాట కాదనడు. పై గది కిటికీ రెక్క సరిగా పడట్లేదు, నువ్వొచ్చేలోగా వడ్రంగిని పిలిపించి బాగుచేయిస్తాను.

నీ చిన్నత్త