విదేశీ పిల్లల బాధ్యత నీకిచ్చారట

అనంతపురం

అమ్మా,

యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల పని నీకు అప్పగించారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఇంజినీరింగ్ పిల్లలకు ఇంగ్లీషు చెప్పి రిటైరైన మామవి కాబట్టి అడగకపోయినా రాస్తావు అంటావేమో. అంతే అనుకో.

ముందు కాగితాల సంగతి. 180 రోజులు దాటే వీసా మీద వచ్చిన పిల్లలు దిగిన 14 రోజుల్లో ఆన్‌లైన్‌లో ఎఫ్ఆర్ఆర్ఓ, అంటే విదేశీయుల వివరాలు నమోదు చేసే ప్రభుత్వ ఆఫీసు, దగ్గర రిజిస్ట్రేషన్ చేసుకోవాలి. హాస్టల్లో దిగిన 24 గంటల్లో ఆ సమాచారం హాస్టల్ వాళ్లు పంపాలి. వార్డెన్‌కు నువ్వే ఫోన్ చేసి గుర్తుచెయ్యి, నోటీసు పెడితే చదవరు.

పేర్ల దగ్గర ఇంకా జాగ్రత్తగా ఉండు. ఇథియోపియా వాళ్లకు ఇంటిపేరు ఉండదు. తన పేరు, తర్వాత తండ్రి పేరు, ఆపైన తాత పేరు. మన క్లర్కు ఇంటిపేరు గడి ఖాళీగా ఉందని తోచింది రాస్తాడు, మార్కుల లిస్టులో ఇంకోలా పడుతుంది. డిగ్రీ చేతికొచ్చేనాటికి ఆ పిల్లాడు అఫిడవిట్ల చుట్టూ తిరగాలి. అడ్మిషన్ రోజే పాస్‌పోర్టు పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం సరిచూడు.

ఇక అసలు విషయం. ఎవరైనా పాఠం అర్థం కాలేదంటే చాలు, మనవాళ్లు వెంటనే 'ఇంగ్లీషు వీక్' అని స్పెషల్ క్లాసులో కూర్చోబెడతారు. టాంజానియా, ఇథియోపియాల్లో హైస్కూలు చదువు ఇంగ్లీషులోనే ఉంటుంది. గ్రామర్ వాళ్లకు కొత్త కాదు. మన క్లాసు వాళ్లకు కొత్త. మన లెక్చరర్ థియరం ఇంగ్లీషులో మొదలుపెడతాడు, కష్టమైన చోటికి రాగానే తెలుగులోకి దిగిపోతాడు. సరిగ్గా అక్కడే వీళ్లు తెగిపోతారు. తెలుగు మానేయమని మాత్రం చెప్పకు. ఉరవకొండ, కళ్యాణదుర్గం పల్లెల నుంచి తెలుగు మీడియంలో చదివొచ్చిన పిల్లలకు ఆ రెండు తెలుగు ముక్కలే ఆధారం. తెలుగులో చెప్పింది మళ్లీ ఒకసారి ఇంగ్లీషులో చెప్పమను, ముఖ్యమైన మాటలు బోర్డు మీద రాయమను. దీనికి సర్క్యులర్ పనిచేయదు. లెక్చరర్లతో టీ దగ్గర మాట్లాడాలి.

ఆ పల్లె పిల్లలనూ ఈ విదేశీ పిల్లలనూ ల్యాబ్‌లో ఒకే బ్యాచ్‌లో వెయ్యి. మనవాళ్లు మనవాళ్లతోనే ఉంటే ఇంగ్లీషు నోరు తెరవరు, నవ్వుతారేమోనని సిగ్గు. తెలుగు రాని పిల్లాడు పక్కనుంటే వేరే దారి లేక మాట్లాడతారు, వాడికీ మన యాస చెవికి పడుతుంది. వైవాకు ముందు వారం ఇద్దరినీ ఒకరినొకరు ప్రశ్నలు అడుక్కోమను. నా అనుభవంలో స్పోకెన్ ఇంగ్లీష్ కోర్సు కంటే ఇది బాగా పనిచేసింది. అందరికీ కుదరదు. ఒక బ్యాచ్‌లో పొసగకపోతే మార్చెయ్, పట్టుబట్టకు.

టైము చెప్పేటప్పుడు తేలిగ్గా తీసుకోకు. ఇథియోపియాలోనూ, టాంజానియా లాంటి స్వాహిలీ భాష మాట్లాడే చోట్లా పొద్దు పొడిచినప్పటి నుంచి గంటలు లెక్కపెడతారు. మన ఉదయం తొమ్మిది వాళ్లకు మూడు గంటలు. ఇథియోపియా క్యాలెండర్ కూడా మనం వాడేదానికంటే ఏడెనిమిదేళ్లు వెనక నడుస్తుంది, సర్టిఫికెట్‌లో పుట్టిన సంవత్సరం తేడాగా ఉంటే దొంగ కాగితం అని ఎగిరిపడకు. పరీక్ష టైము కాగితం మీద అంకెల్లో రాసి, పక్కన ఉదయమో మధ్యాహ్నమో కూడా వేసి ఇవ్వు.

ఇంటర్నల్స్, బ్యాక్‌లాగ్, కండోనేషన్ (తక్కువైన హాజరును మన్నించడం), హాల్ టికెట్ ఇవన్నీ ఏమిటో ఒక పేజీలో మామూలు ఇంగ్లీషులో రాసి మొదటి వారమే చేతికివ్వు. 75 శాతం హాజరు లేకపోతే ఏమవుతుందో సెమిస్టర్ చివర తెలిసి ఏడ్చేవాళ్లుంటారు.

మెస్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. కారం తగ్గించడం మన వంటవాళ్ల వల్ల కాదు, పెరుగు ఎక్కువ పెట్టించు. ఇథియోపియా ఆర్థడాక్స్ పిల్లలు బుధ, శుక్రవారాలు ఉపవాసం పాటిస్తే మాంసం, గుడ్డు, పాలు ముట్టరు. ఆ రోజుల్లో పప్పు, కూర ఉండేలా చూడు.

దసరా సెలవులకు మెస్ మూసేస్తారు, ఈ పిల్లలు ఎక్కడికీ పోలేరు. కనీసం ఒక వంటవాణ్ణి ఉంచమని ఇప్పుడే లెటర్ పెట్టు, పండగ ముందు అడిగితే ఫండ్స్ లేవంటారు. పండగ రోజు మాత్రం అందరినీ మనింటికి తీసుకురా. ఓళిగలు చేస్తానంది మీ అత్త. ఎంతమందో రెండు రోజుల ముందు చెప్పు.

ఆశీస్సులతో,
మామ