వెయిట్‌లిఫ్టర్ల స్థాయిని దేనితో విభజించాలి?

పరిశోధన కోసం లిఫ్టర్లను నైపుణ్యాన్ని బట్టి మూడు గుంపులుగా విడదీయాలంటే సింక్లెయిర్ గుణకం, రోబీ పాయింట్లు, సోవియట్ శ్రేణులు, క్రీడాశాస్త్రవేత్త మెకే బృందం అంచెలు అనే నాలుగు కొలమానాలలో ఏది మేలని అడిగారు. మొదటి మూడూ ఎత్తిన బరువును చూస్తాయి, నాలుగోది శిక్షణనూ పోటీ స్థాయినీ చూస్తుంది. నైపుణ్యాన్ని నేరుగా కొలిచేది వీటిలో ఒక్కటీ లేదు. ఈ సంగతి నాకు ఎం.పి.ఎడ్. (వ్యాయామవిద్యలో పీజీ) పరిశోధన సగం అయ్యాక గాని తెలియలేదు.

అప్పుడు నేను శిక్షణ పొందిన ఏళ్లు, రాష్ట్రస్థాయి పతకాలు చూసి లిఫ్టర్లను విడగొట్టాను. ‘అనుభవజ్ఞుల’ గుంపులో పడిన ఒక కుర్రవాడు మంచి బలశాలి. ప్లాట్‌ఫారం మీద కాలివేళ్ల దగ్గర సుద్దముక్కతో గీత గీసి స్నాచ్ (బార్‌ను ఒకే ఊపులో తలపైకి ఎత్తడం) చేయించి, పాదాలు ఎక్కడ దిగాయో టేపుతో కొలిస్తే, ప్రతిసారీ గీత దాటి ముందుకే దిగేవాడు. పైగా ఏ రెండుసార్లూ ఒకేచోట దిగేవాడు కాదు, అంటే బలం ఉన్నా నైపుణ్యం నిలకడగా లేదు. ‘కొత్తవారి’ గుంపులోని ఒక అమ్మాయి అతడు ఎత్తే బరువులో సగం కూడా ఎత్తేది కాదు గాని, ఆమె పాదాలు అయిదు ప్రయత్నాలలోనూ దాదాపు ఒకే గుర్తు మీద దిగాయి. నా గైడ్ ఆ పట్టిక చూసి, గుంపుల పేర్లు మార్చుకుని రమ్మని వెనక్కి పంపారు. నిజానికి మార్చవలసినవి పేర్లు కావు, కొలమానమే.

బలాన్ని శరీర బరువుతో సరిచూడడానికి నేను సింక్లెయిర్‌నే ఎంచుకుంటాను. అది బరువు విభాగాన్ని పట్టించుకోకుండా లిఫ్టర్ అసలు శరీర బరువును తీసుకుని, ఇదే సామర్థ్యంతో అత్యంత భారీ విభాగంలో ఉంటే టోటల్ (స్నాచ్, క్లీన్ అండ్ జెర్క్‌లలో ఎత్తిన అత్యధిక బరువుల మొత్తం) ఎంత అయ్యేదో అంచనా వేస్తుంది. అయితే గుణకాలు ఒలింపిక్ వలయానికొకసారి మారతాయి కనుక ఏ కాలపువి వాడారో తప్పక రాయాలి. ఉదాహరణకు 2017–2020 గుణకాలతో, విభాగపు గరిష్ఠ బరువునే శరీర బరువుగా అనుకుని లెక్క కడితే, సిడ్నీ 2000లో 69 కిలోల విభాగంలో కరణం మల్లీశ్వరి ఎత్తిన 240 కిలోలకు సుమారు 298, టోక్యోలో 49 కిలోల విభాగంలో మీరాబాయి చాను ఎత్తిన 202 కిలోలకు సుమారు 315 వస్తాయి. మహిళల వెయిట్‌లిఫ్టింగ్ ఒలింపిక్స్‌లో చేరిందే సిడ్నీలో అనీ, మల్లీశ్వరి స్వర్ణానికి 2.5 కిలోల దూరంలో ఆగారనీ ఈ అంకెలు చెప్పవు. అందువల్ల వేర్వేరు కాలాల లిఫ్టర్లను ఒకే గుంపులో కలపకండి. పురుషులకూ మహిళలకూ గుణకాలు వేరు కనుక వారి అంకెలను ఒకే కొలబద్ద మీద పెట్టడమూ సరికాదు.

రోబీలో ఆ విభాగపు ప్రపంచ రికార్డుకు 1000 పాయింట్లు. రికార్డులో సగం ఎత్తితే 500 వస్తాయనుకుంటాం, వచ్చేది 100. తొంభై శాతం ఎత్తినా సుమారు 705 మాత్రమే. శిఖరాగ్రాన ఉన్నవారిని విడదీయడానికి ఇది బాగుంటుంది, జిల్లా స్థాయి లిఫ్టర్లందరినీ మాత్రం అడుగున కుప్పగా పోస్తుంది. పైగా విభాగాలు 2018లోనూ 2025లోనూ మారాయి కాబట్టి ప్రమాణమే కదిలిపోతుంది. మూడో శ్రేణి నుంచి మాస్టర్ ఆఫ్ స్పోర్ట్ మీదుగా అంతర్జాతీయ మాస్టర్ దాకా వెళ్లే సోవియట్ పట్టికకూ విభాగాల మార్పు ఇబ్బందే. పాత రష్యన్ అధ్యయనాలను చదివేటప్పుడు మాత్రం అది తెలిసి ఉండాలి.

మెకే బృందం 2022లో ప్రతిపాదించిన 0 నుంచి 5 వరకు గల అంచెలను, మీ లిఫ్టర్లు ఎవరో పాఠకుడికి చెప్పడానికి వాడండి. గణాంకాలకు వాడితే మన దగ్గర ఒక చిక్కుంది: పోటీ తక్కువగా ఉన్న విభాగంలో రాష్ట్ర జట్టుకు ఎంపికైనవారూ, గట్టి పోటీని దాటి వచ్చినవారూ ఒకే ‘జాతీయ స్థాయి’ అంచెలో కూర్చుంటారు.

రెండోసారి నేను అసలు గుంపులు చేయడమే మానేశాను. సింక్లెయిర్ అంకెను గుంపులుగా ముక్కలు చేయకుండా అవిచ్ఛిన్న చరాంశంగా (continuous variable) ఉంచి, గరిష్ఠ స్నాచ్‌లో 80 శాతం బరువుతో అయిదు ప్రయత్నాలు చేయించి, పాదాల స్థానభ్రంశపు సగటునూ హెచ్చుతగ్గులనూ నైపుణ్యానికి వేరే చరాంశాలుగా తీసుకున్నాను. మీ దగ్గర పక్కనుంచి వీడియో తీసే వీలుంటే బార్ పైకి కదిలిన మార్గాన్ని కూడా చేర్చండి. పోటీ ఫలితం తీసుకుంటున్నట్లయితే ఆ రోజు తూకంలో వచ్చిన శరీర బరువును తప్పక రాసి పెట్టుకోండి. నేను విభాగం పేరొక్కటే రాసుకుని, తరువాత ఒక్కొక్కరికీ ఫోన్ చేసి అడగవలసి వచ్చింది.