ముదురు పచ్చని ఆకులున్నా ఆర్కిడ్ ఎందుకు పూయదు?

ప్రశ్న: మా ఫెలనాప్సిస్ ఆర్కిడ్ కొన్నప్పుడు నిండుగా పూసి ఉంది. ఆ పూలు రాలిన తరువాత రెండేళ్లయినా మళ్లీ పూకాడ వేయలేదు. ఆకులు మాత్రం ముదురు పచ్చగా నిగనిగలాడుతూ పొడవుగా పెరుగుతున్నాయి. గది నడుమ బల్ల మీద ఉంచాం. పగలు దీపం అక్కర లేనంత వెలుతురు అక్కడ ఉంటుంది. ఎరువు మార్చినా ఫలితం లేదు. లోపం ఎక్కడుంది?

జవాబు: మీరు ఆరోగ్యానికి గుర్తుగా భావిస్తున్న ఆ ముదురు పచ్చదనంలోనే మీ ప్రశ్నకు సమాధానం ఉంది. వెలుతురు చాలని మొక్క, అందిన కాస్త కాంతినీ వదులుకోకుండా పట్టుకోవడానికి ఆకులో పత్రహరితాన్ని దట్టంగా నింపుకుంటుంది, ఆకును పొడవుగా సాగదీస్తుంది. తగినంత వెలుతురులో పెరిగిన ఫెలనాప్సిస్ ఆకు కొద్దిగా పసుపు కలిసిన లేత పచ్చ రంగులో, బిగువుగా, అంతగా వాలిపోకుండా ఉంటుంది.

గదిలో వెలుతురు బాగానే ఉందని మీకు అనిపించడం సహజమే, ఎందుకంటే మన కన్ను మసక వెలుతురుకు చాలా త్వరగా అలవాటు పడుతుంది. వెలుతురు తీవ్రతను లక్స్ అనే ప్రమాణంలో కొలుస్తారు. ఆరుబయట మిట్టమధ్యాహ్నపు ఎండ సుమారు 1,00,000 లక్స్ ఉంటే, గది నడుమ వెలుతురు తరచుగా కొన్ని వందల లక్స్‌కు మించదు. ఫెలనాప్సిస్ నీడను ఇష్టపడే మొక్కే అయినా, బాగా పూయాలంటే దానికి సుమారు 10,000 నుంచి 15,000 లక్స్ అవసరం. చెట్టు కొమ్మల మీద, ఆకుల సందుల్లోంచి జారే వెలుతురులో బతికే మొక్కకు ‘నీడ’ అంటే అది. గది లోపలి నీడ దానికి దాదాపు చీకటి.

మరి మొక్క చనిపోకుండా ఎలా ఉందన్న సందేహం రావచ్చు. ఫెలనాప్సిస్ పగలు తన పత్రరంధ్రాలను చాలావరకు మూసుకుని, రాత్రివేళ తెరిచి బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని, దానిని మాలిక్ ఆమ్లం రూపంలో దాచుకుంటుంది. మరునాడు ఆ నిల్వను చక్కెరగా మార్చడానికి కాంతి కావాలి. కాంతి తక్కువైతే తయారయ్యే చక్కెర ఉన్న ఆకులను, వేళ్లను నిలుపుకోవడానికే సరిపోతుంది. నెలల తరబడి పూలను మోసే పూకాడకు కావలసిన మిగులు ఉండదు. పగటి ఉష్ణోగ్రత సుమారు 25 డిగ్రీల సెల్సియస్‌కు దిగి కొన్ని వారాలు అలాగే కొనసాగడం ఈ మొక్కకు పూతకు రమ్మనే సంకేతం. అయితే వెలుతురు చాలని చోట ఆ సంకేతం అందినా మొక్క స్పందించలేకపోతుంది. ఎరువు ఈ లోటును తీర్చలేదు సరికదా, వాడుకోలేని లవణాలు కుండీలో పేరుకుని వేళ్లను దెబ్బతీస్తాయి.

కుండీని ఉదయపు నీరెండ పడే తూర్పు కిటికీకి చేర్చండి. వెలుతురు సరిపోతుందో లేదో తెలుసుకోవడానికి పరికరం అక్కర లేదు. ఎండ బాగా ఉన్న సమయంలో ఆకుకు ఒక అడుగు ఎత్తున అరచేయి పెట్టి, ఆకు మీద పడే నీడను చూడండి. నీడ అంచులు కత్తిరించినట్టు స్పష్టంగా ఉంటే ఎండ ఎక్కువని, అంచులు చెదిరినా చేతి ఆకారం తెలుస్తూంటే ఈ మొక్కకు సరిగ్గా ఉందని, నీడే కనబడకపోతే వెలుతురు చాలదని అర్థం. మార్పు మాత్రం రెండు మూడు వారాల్లో, అంచెలంచెలుగా జరగాలి. పాత ఆకులు తాము పెరిగిన వెలుతురుకు తగినట్టుగా రూపొంది ఉంటాయి కాబట్టి, వాటి రంగు మారలేదని నిరాశపడకుండా, కొత్తగా వచ్చే ఆకు ఏ రంగులో ఉందో, ఎంత పొట్టిగా, దళసరిగా ఉందో గమనించండి.

ప్రశ్న: కాట్లేయా అనే ఆర్కిడ్‌కు ఎక్కువ వెలుతురు కావాలని విని, నీడలో ఉన్న మొక్కను నేరుగా ఎండలో పెట్టాను. రెండు రోజుల్లో ఆకు మీద తెల్లని మచ్చ ఏర్పడి తరువాత గోధుమ రంగుకు మారింది. ఇది తెగులా?

జవాబు: మీ వివరణను బట్టి ఇది ఎండదెబ్బ. ఆకు వంపు తిరిగి సూర్యుడికి నేరుగా ఎదురైన చోట ఇలాంటి మచ్చ పడుతుంది. అది పొడిగా, కాస్త లోపలికి కుంగి, స్పష్టమైన అంచుతో ఉండి, ఎండ నుంచి తీసేశాక పెరగకుండా ఆగిపోతుంది. మచ్చ తడిగా, నీరుకారుతూ రోజురోజుకూ పాకుతూంటే మాత్రం అది కుళ్లు తెగులు కావచ్చు, అప్పుడు ఆ భాగాన్ని వెంటనే తొలగించాలి.

తనకు అక్కర లేని కాంతిని ఆకు వేడిగా మార్చి వదిలేయగలదు, కానీ ఆ శక్తికి ఒక హద్దు ఉంటుంది, నీడలో పెరిగిన ఆకులో ఆ హద్దు మరీ తక్కువ. పైగా కాట్లేయా కూడా పగలు పత్రరంధ్రాలను మూసుకునే మొక్కే కాబట్టి, నీటిని ఆవిరిగా వదిలి ఆకును చల్లబరచుకునే వీలు దానికి అంతగా లేదు. మధ్యాహ్నం ఆకును వేళ్లతో తాకి చూడండి. చుట్టూ ఉన్న గాలి కంటే అది స్పష్టంగా వేడిగా తగిలితే, మచ్చ పడకముందే నీడ కల్పించాలి, గాలి ఆడేలా చూడాలి. ఆకు అంచుల్లో కనిపించే కొద్దిపాటి ఎర్రదనం మొక్క తన రక్షణ కోసం తయారు చేసుకున్న రంగు మాత్రమే. అది భయపడవలసినది కాకపోయినా, ఇక ఎండ పెంచవద్దన్న సూచనగా తీసుకోవాలి. మచ్చ పడిన ఆకును కోసేయకండి, పచ్చగా మిగిలిన భాగం ఇంకా మొక్కకు ఆహారం తయారు చేస్తూనే ఉంటుంది.

ప్రశ్న: అన్ని రకాల ఆర్కిడ్లను ఒకే ఎల్‌ఈడీ దీపం కింద పెంచవచ్చా?

జవాబు: పెంచవచ్చు, అయితే అన్నిటినీ ఒకే దూరంలో ఉంచకూడదు. కాట్లేయాకు 20,000 నుంచి 30,000 లక్స్ కావాలి, వాండాకు అంతకంటే ఎక్కువే కావాలి. పాఫియోపెడిలం, ఫెలనాప్సిస్ అందులో సగంతోనే తృప్తిపడతాయి. ఎక్కువ కాంతి కోరే వాటిని దీపానికి దగ్గరగా నడుమ, తక్కువ కోరే వాటిని అంచుల వైపు అమర్చండి. దీపాన్ని రోజుకు 12 నుంచి 14 గంటలు వెలిగిస్తే చాలు. బొగ్గుపులుసు వాయువును రాత్రివేళ పీల్చుకునే ఫెలనాప్సిస్, కాట్లేయా, వాండా వంటి మొక్కలకు చీకటి కూడా అంతే అవసరం. పూకాడ కాంతి వైపు వంగుతూ పెరుగుతుంది, మొగ్గలు కూడా దాన్ని అనుసరించే తిరుగుతాయి. కాబట్టి పూకాడ కనబడిన నాటి నుంచి ఆఖరి మొగ్గ విచ్చుకునేదాకా కుండీని తిప్పకుండా ఒకే దిక్కున ఉంచండి.