ఎవరొచ్చినా మీదికి దూకేస్తోంది.. మాన్పించేదెలా?

ప్రశ్న: మా లాబ్రడార్‌కి 10 నెలలు. తలుపు తీయగానే ఎవరు కనిపిస్తే వాళ్ల మీదికి దూకేస్తుంది. అరిచినా, తోసేసినా ఆగట్లేదు. నిన్న మా అత్తగారు (72) పడబోయి, గోడ పట్టుకుని నిలబడ్డారు. చేతి మీద గోరు గీరుకుని కాస్త రక్తం వచ్చింది. ఇంట్లో కుక్కే, టీకాలన్నీ వేయించాం కదా అని పసుపు అద్దాం. మావయ్యగారికేమో అది దూకితేనే ముద్దు. ఏం చేయాలి?
- ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: ముందు అత్తగారి చెయ్యి సంగతి. పసుపు కడిగేయండి. కుళాయి ధార కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, ఈరోజే ఆవిడను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. కుక్క టీకాల పుస్తకం కూడా పట్టుకెళ్లండి. రేబిస్ టీకా, టీటీ అవసరమా అన్నది వాళ్లు తేల్చాలి. నేను పశువుల డాక్టర్ని, ఆ మాట నేను చెప్పకూడదు. ఆవిడ రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే అదీ చెప్పండి. ఈ పది రోజులూ కుక్క తిండి, నడత మీద కన్నేసి ఉంచండి.

ఇక దూకడం. కుక్కపిల్లలు తల్లి మూతి నాకి పలకరిస్తాయి. మన మూతి వాటికి అందనంత ఎత్తులో ఉంది, అందుకే ఎగురుతాయి. చిన్నప్పుడు అలా ఎగిరితే ఎత్తుకుని ముద్దుచేసే ఉంటారు. ఇప్పుడు అదే పని పాతిక ముప్పై కిలోల బరువుతో చేస్తోంది. మీరు ‘పో.. పో’ అని తోస్తుంటే దాని లెక్కలో అదీ ఆటే: చెయ్యి తగిలింది, మాట వినబడింది, ఇంకేం కావాలి?

కాబట్టి దూకిన క్షణంలో ఏమీ దొరకకూడదు. చేతులు కట్టుకుని, పక్కకి తిరిగి, మాట్లాడకుండా నిలబడండి. నాలుగు కాళ్లూ నేల మీద ఆనగానే ఉప్పు, మసాలా లేకుండా ఉడికించిన చికెన్ ముక్క, శనగగింజంతది, దాని మూతి కింద నేల మీద పెట్టండి. పైనుంచి అందిస్తే ఆ చేతి కోసం మళ్లీ ఎగురుతుంది. రోజూ పది పదిహేనుసార్లు ఇంట్లోవాళ్లే బయటికెళ్లి లోపలికొస్తూ ఇది చేయాలి. మొదటి కొన్ని రోజులు దూకడం ఇంకా ఎక్కువవుతుంది. చాలామంది ‘లాభం లేదు’ అని వదిలేసేది సరిగ్గా అప్పుడే.

అత్తగారు మాత్రం ఈ ప్రయోగం చేయొద్దు. ఈ వయసులో పడితే తుంటి ఎముక విరగొచ్చు. తలుపు పక్కనే మేకుకు లీష్ (కుక్క మెడపట్టీకి కట్టే తాడు) తగిలించి ఉంచండి. బెల్ మోగితే ముందు లీష్, తర్వాతే గడియ. లీష్‌ను కాలి కింద తొక్కిపట్టండి, కుక్క నిలబడగలగాలి కానీ ఎగరలేకపోవాలి. మోకాలితో గుండెల మీద పొడవమని, వెనక కాళ్ల వేళ్లు తొక్కమని చెప్పేవాళ్లుంటారు. వినొద్దు. చుట్టాలొస్తే దెబ్బ పడుతుందని నేర్చుకున్న కుక్క రేపు చుట్టాల్ని చూసి గుర్రుమంటుంది.

అసలు చిక్కు మావయ్యగారితోనే. పదిమంది పట్టించుకోకపోయినా ఒక్కరు ముద్దుచేస్తే అది మానదు. ఒకసారి లాటరీ తగిలినవాడు టికెట్లు కొనడం మానతాడా? ఆయన్ని ముద్దు మానమని చెప్పకండి, మానరు కూడా. బయటి నుంచి రాగానే కుర్చీలో కూర్చుని, అది కూర్చున్నాక ఎంతసేపైనా నిమరమనండి.

గోళ్లు కూడా ఓసారి చూడండి. టైల్స్ మీద నడుస్తుంటే టకటక వినిపిస్తే పెరిగినట్టే. ఆసుపత్రిలో ఒకసారి కత్తిరించి చూపించమని అడగండి, నరం తెగకుండా ఎక్కడిదాకా తీయాలో తెలుస్తుంది.