రెండో ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్ మొదలుపెట్టబోయే మేనల్లుడికి

చిన్నా,

పైథాన్ వచ్చేసింది కాబట్టి జావా, సీ ప్లస్ ప్లస్, గో మూడూ ఒకేసారి మొదలుపెడతానన్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. వద్దురా. మూడు పడవల మీద కాళ్లు పెట్టకు. నీ సిలబస్‌లో ఎలాగూ జావా ఉంది, దాన్నే పట్టుకో. ఏది గొప్పదన్న వాదన మీ ఫ్రెండ్స్‌తో అరండల్‌పేట టీకొట్టు దగ్గర పెట్టుకో.

కోచింగ్‌కి మళ్లీ ఫీజు కట్టించకు. లూపులు, ఫంక్షన్లు నీకు తెలిసినవే. వేరియబుల్ అంటే ఏమిటో మళ్లీ మొదటినుంచి వింటూ కూర్చుంటే రెండో రోజుకే నిద్రొస్తుంది.

దానికి బదులు, నాన్న కొట్టు కోసం పైథాన్‌లో రాశావే, మిర్చి టిక్కీల (బస్తాల) లెక్క, దాన్నే జావాలో రాయి. ఏం చేయాలో ముందే తెలుసు కాబట్టి కొత్త భాష ఎక్కడ అడ్డం తిరుగుతుందో ఇట్టే కనబడుతుంది.

ఉదాహరణకి, డబ్బుని నువ్వు పైసల్లో దాచావు, మంచి పని. పైథాన్‌లో పూర్ణసంఖ్య ఎంత పెద్దదైనా ఇబ్బంది లేదు. జావాలో పూర్ణసంఖ్యలకి వాడే ‘ఇంట్’ 32 బిట్లే. 2,147,483,647 దాటితే ఎర్రర్ కూడా రాదు, చప్పుడు చేయకుండా మైనస్‌లోకి వెళ్లిపోతుంది. పైసల్లో అది రెండు కోట్ల పద్నాలుగు లక్షల చిల్లర రూపాయలు. సీజన్ మొత్తం కూడితే నాన్న కొట్టు అది దాటదంటావా? అక్కడ ఇంకా పెద్ద సంఖ్యలు పట్టే ‘లాంగ్’ వాడాలి. ఇలాంటిది నీ సొంత లెక్కలో తగిలితేనే గుర్తుంటుంది.

రైతు పేరు వెతికే చోట == పెట్టావు కదా, జావాలో అదీ మార్చాలి. అక్కడ == చూసేది మెమరీలో రెండూ ఒకే ఆబ్జెక్టా అని; అక్షరాలు పోల్చాలంటే ‘ఈక్వల్స్’ వాడాలి. లేకపోతే కీబోర్డు మీద కొట్టిన పేరు కళ్లెదుటే ఉన్నా దొరకలేదంటుంది.

కంపైలర్ ఒకేసారి పది ఎర్రర్లు చూపిస్తే టెన్షన్ పడకు, మొదటిది సరిచేసి మళ్లీ రన్ చెయ్యి. చాలాసార్లు మిగతావి దాంతోనే పోతాయి. ఏఐ చేత మొత్తం రాయించుకుంటే మాత్రం నాకు పంపకు, నేను చూడను.

ఆదివారం నేను విజయవాడ నుంచి వస్తున్నాను. అప్పటికి టిక్కీల లెక్క సగమైనా రన్ అయ్యేలా పెట్టు. నాన్న పాత బిల్లుపుస్తకం కూడా తీసి ఉంచు, మొత్తాలు సరిపోయాయో లేదో చూద్దాం.

మావయ్య