కార్బురేటర్ దగ్గర పెట్రోల్ తడి: వాషర్లు మార్చినా ఆగకపోతే ఎక్కడ చూడాలి?

మీ ప్రశ్న చదువుతుంటే నా బండి కథే ఎవరో రాసినట్టు ఉంది. మీది 1986 పద్మిని కారు, కార్బురేటర్‌లోకి పెట్రోల్ పైపు వచ్చి కలిసే బాంజో బోల్ట్ (పైపు చివరి వలయం, అంటే బాంజోలోంచి దూరే బోలు బోల్ట్) దగ్గర తడి, రెండుసార్లు వాషర్లు మార్చినా ఆగలేదు, మెకానిక్ కార్బురేటరే మార్చేద్దాం అంటున్నాడు. నాది 1984 బండి, విజయవాడలో మా నాన్నగారు వాడింది. నేను ఆ వాషర్లు నాలుగుసార్లు మార్చాను. చివరికి చూస్తే పెట్రోల్ కారుతున్నది అక్కడ కాదు, పైనుంచి జారి వచ్చి ఆ బోల్ట్ కింద చుక్కగా వేలాడుతోంది.

అందుకే పానా పట్టుకునే ముందు ఒక పని చేయండి. ఇంజన్ పూర్తిగా చల్లారాక బ్యాటరీ నెగటివ్ వైరు తీసేసి, కార్బురేటర్ చుట్టూ పొడిగుడ్డతో శుభ్రంగా తుడవండి. ఆరాక బాంజో చుట్టూ, పైమూత అతుకు చుట్టూ సుద్దపొడి అద్దండి. తర్వాత పెట్రోల్ పంపు దగ్గర చేత్తో ఆడించే మీట ఉంటే దాన్ని పదిహేను ఇరవైసార్లు ఆడించండి. మీట బరువు తగలకుండా వట్టిగా ఆడుతుంటే కంగారు పడకండి, లోపల ఇంజన్‌తో తిరిగే క్యామ్ పంపును ముందే నొక్కి ఉంచిందని అర్థం. టాప్ గేర్‌లో వేసి బండిని కాస్త ముందుకు తోస్తే సరిపోతుంది. పెట్రోల్ తగిలిన చోట సుద్ద వెంటనే నల్లబడుతుంది. ఏది ముందు తడిసిందో కళ్లార్పకుండా చూడండి, ఎందుకంటే అర నిమిషం ఆగితే అంతా తడిసిపోతుంది.

బాంజో దగ్గరే ముందు తడిస్తే తప్పు వాషర్‌దో, అది కూర్చునే ముఖానిదో. బోల్ట్ తల కింద ఒకటి, బాంజోకీ కార్బురేటర్‌కీ మధ్య ఒకటి, రెండు వాషర్లుండాలి, రెండూ కొత్తవై ఉండాలి. ఎర్ర ఫైబర్ వాషర్ ఒకసారి నలిగాక మళ్లీ పనికిరాదు. రాగి వాషర్ అయితే పట్టకారుతో పట్టుకుని గ్యాస్ పొయ్యి మీద ఎర్రగా కాల్చి నీళ్లలో వేయండి. ఉక్కు అలా చేస్తే గట్టిపడుతుంది గానీ రాగి మెత్తబడుతుంది, అప్పుడు బిగించినకొద్దీ చక్కగా అతుక్కుంటుంది. (ఈ పని ఇంట్లో వాళ్లు వంటగదిలో లేనప్పుడు చేయండి, వాషర్‌కి పెట్రోల్ తడి లేకుండా చేయండి. మా అమ్మ పట్టకారు గురించి ఇప్పటికీ అంటూనే ఉంటుంది.) బాంజో ముఖం మీద గీతలుంటే అద్దం ముక్క మీద సన్నటి ఎమరీ కాగితం పరిచి నెమ్మదిగా రుద్దండి.

ఇక బిగింపు. కారుతోంది కదా అని పొడుగు పానాతో ఇంకో చుట్టు తిప్పారో, కార్బురేటర్ ఒళ్లు మెత్తటి లోహం, మరలు తెగిపోతాయి. అప్పుడు మీ మెకానిక్ మాటే నిజమవుతుంది. పైపు దానంతటదే చోటుకి వచ్చి కూర్చోవాలి, లాగి పట్టుకుని బోల్ట్ పెట్టాల్సి వస్తే వాషర్ ఒక పక్కే నలుగుతుంది. మరల మీద తెల్లటి టెఫ్లాన్ టేప్ చుట్టమని చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు. వద్దు. ఇక్కడ పెట్రోల్‌ని ఆపేది మర కాదు, వాషర్ ముఖం. పైగా టేప్ పీలికలు లోపలికి పోయి, పెట్రోల్ వెళ్లే సన్నటి రంధ్రమైన జెట్‌ని మూసేస్తాయి. దారిలో ట్యాంక్ కారితే సబ్బు మెత్తి ఇంటికి చేరడం మనకు తెలిసిన విద్యే, కానీ అది ట్యాంక్ వరకే.

నా బండిలో మాత్రం బాంజో దగ్గర సుద్ద తెల్లగానే ఉంది, పైమూత అతుకు నల్లబడింది. అంటే ఫ్లోట్ గది (కార్బురేటర్‌లో పెట్రోల్ నిలిచే గది, అందులో తేలే బుడ్డే ఫ్లోట్) పొంగుతోంది. పైమూత స్క్రూలు విప్పి నీడిల్ వాల్వ్ (ఫ్లోట్ పైకి లేచినప్పుడు సీటులో కూర్చుని పెట్రోల్‌ని ఆపే సూది) తీసి చూస్తే మొనకీ సీటుకీ మధ్య ఆవగింజంత నల్ల రబ్బరు ముక్క. అది పెట్రోల్ తెచ్చే రబ్బరు గొట్టం, అంటే హోస్ లోపలి పొర. బయటికి కొత్తదానిలా మెరుస్తున్న ఆ హోస్‌ని నిలువునా కోస్తే లోపల పెచ్చులు పెచ్చులుగా లేచిపోయి ఉంది. 2023 ఫిబ్రవరి నుంచి బంకుల్లోకి వస్తున్న ఈ20 పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్. మన బండ్లు తయారైన రోజుల్లో ఆ రబ్బరుని ఇథనాల్ కోసం చేయలేదు. ఆటోనగర్‌లో మొదటి షాపులో మళ్లీ మామూలు హోసే చేతిలో పెట్టారు. ఇంజెక్షన్ బండ్లకి వాడే, ఇథనాల్‌ని తట్టుకునే హోస్ కావాలని గట్టిగా అడిగితే మూడో షాపులో దొరికింది. ధర ఎక్కువే, అయినా మీరు అదే తీసుకోండి. బైకులకి వేసే పారదర్శక ప్లాస్టిక్ గొట్టం జోలికి పోకండి, కొన్నాళ్లకే కట్టెలా బిగుసుకుపోతుంది.

పైమూత ఎలాగూ తీశారు కాబట్టి ఇంకో మూడు చూసేయండి. నీడిల్‌ని సీటులోకి వేలితో మెల్లగా నొక్కిపట్టి, శుభ్రమైన గొట్టం ముక్కతో పెట్రోల్ వచ్చే దారిలోంచి ఊదండి, గాలి పోకూడదు. ఇత్తడి ఫ్లోట్ అయితే చెవి దగ్గర పెట్టి ఊపండి, లోపల గలగలమంటే చిల్లు పడినట్టే. వేడినీళ్లలో ముంచితే బుడగలు ఎక్కడినుంచి వస్తున్నాయో కనిపిస్తుంది. నీడిల్ సీటు కింద ఉండే వాషర్‌ని మాత్రం తీసినంత మందంలోనే వేయాలి, గదిలో పెట్రోల్ మట్టం దాన్నిబట్టే ఉంటుంది. పల్చటిది వేస్తే సీటు పైకి పోయి మట్టం పెరుగుతుంది, మళ్లీ పొంగుడే. నేను మొదటిసారి చేసిన తెలివితక్కువ పని అదే. ఆపైన మూత కింద కొత్త గ్యాస్కెట్ వేసి, స్క్రూలు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించండి.

ఇదంతా అయ్యాక మళ్లీ సుద్దపొడి అద్ది మీట ఆడించి చూడండి. తర్వాతే బ్యాటరీ కలిపి స్టార్ట్ చేసి, పది నిమిషాలు బానెట్ తెరిచి, మంటలార్పే సిలిండర్ పక్కన పెట్టుకుని నిలబడండి. నాకు అయిన ఖర్చు హోస్, వాషర్లు, గ్యాస్కెట్, అంతే. మీ సుద్ద ఎక్కడ ముందు నల్లబడిందో ఇక్కడే రాయండి, అది తెలిస్తే మిగతాది చెప్పడం తేలిక.