అమ్మినవారు ఆయన, కుమిలిపోతున్నది మీరు

హైదరాబాద్ శివారులోని ఒక మందుల కంపెనీ స్టోర్స్‌లో 19 ఏళ్లుగా పనిచేస్తున్న మీరు, రెండేళ్ల కిందట దాన్ని వేరే సంస్థ కొన్నప్పటి నుంచి పెద్దాచిన్నా లేకుండా పోయిందనీ, ముప్పై ఏళ్ల మేనేజరు పేరుపెట్టి పిలుస్తున్నాడనీ, దసరాకు పాత యజమాని తన చేత్తో బట్టలు పెట్టేవారనీ, ఇప్పుడు ఫోనుకు గిఫ్ట్ కూపన్ వస్తోందనీ రాసి, రాజీనామా చేయమంటారా అని అడిగారు.

చేతిలో మరో ఉద్యోగం లేకుండా చేయకండి. దానికి ముందు, యాజమాన్యం మారినప్పుడు మీరు సంతకం పెట్టిన కాగితం తీసి చదవండి. గ్రాట్యుటీ, అంటే ఉద్యోగం వదిలేటప్పుడు కంపెనీ ఇచ్చే సొమ్ము, పనిచేసిన ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున లెక్కకడతారు. పాత సర్వీసు కొనసాగుతుందని ఆ కాగితంలో ఉందా, లేక రాజీనామా చేసి కొత్తగా చేరినట్టు రాయించుకున్నారా అన్నది తేలితేనే మీ 19 ఏళ్ల విలువ తెలుస్తుంది.

అయితే మీ బాధ మేనేజరు వల్ల వచ్చింది కాదు. రెండు పేజీల ఉత్తరంలో 'మా సార్' అన్న మాట పదిహేడుసార్లు ఉంది, మీ భార్య ప్రస్తావన ఒక్కసారి, అదీ ఫిర్యాదుగా. ప్రతి ఆదివారం పాత యజమాని ఇంటికి వెళ్లి, వరండాలో కూర్చుని, కంపెనీ ఎలా పాడైపోతోందో చెప్పి వస్తున్నారు. తండ్రిలాంటివారన్నారు. మరి అమ్మకం కబురు మీకు పేపరులో చదివితేగాని తెలియలేదని మీరే రాశారు కదా! ఆయన ఆస్తి ఆయన అమ్ముకున్నారు, తప్పుపట్టను. కానీ ఇల్లు అమ్మేటప్పుడు ఏ తండ్రయినా కొడుకును పిలిచి ఒక మాట చెబుతాడు.

1923లో మచిలీపట్నంలో పుట్టిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయినప్పుడు, బోర్డు దించుతుంటే కళ్లు తుడుచుకున్న ఉద్యోగులు నాకు తెలుసు కాబట్టి, మీ దుఃఖాన్ని చులకన చేయను. వాళ్లు మర్నాడు ఎప్పటిలాగే కౌంటరులో కూర్చున్నారు. మీరు రెండేళ్లుగా ఆ వరండా దిగలేదు.

'అమ్ముకున్నది ఆయన, అమ్ముడుపోయింది మీరా?' అని మీ భార్య అన్నందుకు నొచ్చుకుని వారం రోజులు మాట్లాడలేదట. ఇంతమందిలో మీ ఆత్మగౌరవం గురించి ఆలోచించింది ఆమె ఒక్కతే. ఈ ఆదివారం ఎక్కడికీ వెళ్లకుండా, ఆ కాగితాన్ని ఆమె ముందు పెట్టి, ఇద్దరూ కలిసి మొదటి పేజీ నుంచి చదవండి.